మన ముఖాలు - వాళ్ళ కొలబద్దలు

(అంబేద్కర్ జయంతి రోజున ఒక పల్లెలో అంబేద్కర్ యువజన సంఘం జరిపిన సభలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగం. సంఘం కార్యకర్తల కోరిక మీద ఆయనే రాసిచ్చారు.)



 ఏప్రిల్ 14 అనగానే రాజ్యాంగం గురించి, రిజర్వేషన్ల గురించి, కారంచేడు, చుండూరు గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడాల్సిందే. ఇవాళ నేను మాత్రం ముఖం గురించి మాట్లాడతాను. ముఖానికి చేసే ఆపరేషన్ గురించి. ‘మాస్టారికేమైంది, జయంతి సభలో సినిమా వాళ్ళ సంగతులు చెప్తాడేంటి’ అనుకోకండి. చివరిదాకా వినండి. ఇది మన సంగతే.

ఈ మధ్య ఒకే నెలలో ఇద్దరు నా దగ్గరికొచ్చారు.

ఒకడు పక్క మండలం కుర్రాడు. మనవాడే. డిగ్రీ పాసయ్యాడు. పేరు చెప్పను. జేబులోంచి ఒక కాగితం తీశాడు. పట్నంలో ఒక క్లినిక్కు వాళ్ళు ఇచ్చింది. దవడ ఎముక చెక్కుతారట, గడ్డం ముందుకు జరుపుతారట, ముక్కు సన్నం చేస్తారట. మొత్తం 2 లక్షల 80 వేలు. నెల వాయిదాల్లో కట్టొచ్చట. వాళ్ళమ్మ గేదెను అమ్మడానికి సిద్ధపడింది. ‘ఎందుకురా?’ అన్నాను. ‘మనోళ్ళని మొహం చూస్తేనే తెలిసిపోద్ది బాబాయ్. ఇంటర్వ్యూకి పోతే ముందు మొహం చూస్తారు, తర్వాతే మార్కులు’ అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

రెండో ఆమె మా బడిలో ఆరో తరగతి పిల్ల. నోరు తెరిస్తే చిటికెన వేలు దూరదు. అన్నం పిసికి, చారు పోసి, పళ్ళ సందులోంచి తోస్తే తింటుంది. గడ్డం వెనక్కి పోయి ముఖం చిన్నదైపోయింది. పిల్లలు పిట్టమూతి అని పిలిచేవాళ్ళు. నాలుగేళ్ళప్పుడు గట్టు మీంచి పడితే గడ్డం కింద చీలింది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేసి పంపించారు. చెవి ముందు దవడ కీలు విరిగిందేమో అని ఎవరూ చూడలేదు. ‘దాని రాత సార్’ అంది వాళ్ళమ్మ.

ఇద్దరికీ పనికొచ్చేది ఒకే శాస్త్రం, ఒకే కత్తి. అవసరం అంతగా లేని వాడి దగ్గరికి ఆ కత్తి వాయిదాల కాగితం పట్టుకుని తానే వచ్చింది. అది లేకపోతే తిండే తినలేని పిల్లకి అలాంటిదొకటి ఉందని చెప్పిన దిక్కు లేదు. అందుకే ఈ సభలో ఈ మాట ఎత్తాను.

ముందు ఆ ఆపరేషన్ ఏమిటో తెలుసుకుందాం. తెలియనిదాన్ని తిట్టడం మన పని కాదు. ఇంగ్లీషులో దీన్ని ఫేషియల్ కాంటూరింగ్ అంటారు. ముఖం రూపురేఖలు దిద్దడం అన్నమాట. ముఖం ఆకారం ఎక్కువగా లోపలి ఎముకను బట్టి ఉంటుంది. కింది దవడ మూల వెడల్పుగా ఉంటే అక్కడ ఎముక కోస్తారు. గడ్డం ఎముకను అడ్డంగా కోసి ముందుకో వెనక్కో జరిపి, టైటానియం పలకలు, మరలు బిగిస్తారు. చెంప ఎముకను లోపలికి నొక్కి బిగిస్తారు. చాలా కోతలు నోటి లోపలినుంచే పెడతారు కాబట్టి బయటికి మచ్చ కనబడదు. పై దవడా కింది దవడా కలవక పళ్ళు పొంతన లేకుండా ఉన్నవాళ్ళకి మొత్తం దవడనే జరుపుతారు. దానికి ముందు చాలా నెలలు పళ్ళకి తీగలు కట్టాలి. ఎముకల ఎదుగుదల ఆగాక, అంటే 17, 18 ఏళ్ళు దాటాకే ఇలాంటివి చేస్తారు.

ఇది క్రీమ్ రాసుకోవడం లాంటిది కాదు. పూర్తి మత్తు ఇస్తారు. వాపు వారాల తరబడి ఉంటుంది. అసలు ఆకారం తేలడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. కింది దవడ ఎముక లోపల్నుంచి ఒక నరం పోతుంది. పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. అది దెబ్బతింటే పెదవి మొద్దుబారుతుంది. కొందరికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. రక్తం ఎక్కువ పోవచ్చు, చీము పట్టొచ్చు, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ కావచ్చు. కోసిన ఎముకను మళ్ళీ అంటించలేరు. క్లినిక్కు బోర్డు మీద ముందు, తర్వాత అని రెండు ఫోటోలుంటాయి. ఆ రెండు ఫోటోల మధ్య ఉన్న నెలలు ఆ బోర్డు మీద ఉండవు.

దక్షిణ కొరియాలో ఈ దవడ ఆపరేషన్లు చాలా ఎక్కువ. అక్కడ ఉద్యోగం దరఖాస్తుకి ఫోటో అంటించడం ఏళ్ళ తరబడి అలవాటు. 2016లో సియోల్ నగరంలో ఒక విద్యార్థి దవడ సన్నం చేయించుకోవడానికి వెళ్ళాడు. మొదలుపెట్టిన డాక్టరు మధ్యలో వేరే గదుల్లో ఆపరేషన్లకి వెళ్ళిపోయాడు. రక్తం పోతూనే ఉంది. కొన్ని వారాలకి ఆ కుర్రాడు చనిపోయాడు. వాళ్ళమ్మ ఏడ్చి ఊరుకోలేదు. ఆపరేషన్ గదిలోని కెమెరా రికార్డు సంపాదించి, నిమిషం నిమిషం చూసి రాసుకుని కోర్టుకెక్కింది, వీధికెక్కింది. 2021లో ఆ దేశ పార్లమెంటు పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్ గదుల్లో కెమెరాలు పెట్టాలని చట్టం చేసింది. 2023 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఒక తల్లి పోరాటం అది.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే 2024 ఫిబ్రవరిలో పెళ్ళి కుదిరిన 28 ఏళ్ళ కుర్రాడు నవ్వు అందంగా చేయించుకోవడానికి ఒక దంతాల క్లినిక్కుకి వెళ్ళి శవమై తిరిగొచ్చాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఆరోపించాడు. ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పకుండా వెళ్ళాడట. చెప్పకుండా వెళ్ళాలనిపించేంత సిగ్గు వాడికి ఎక్కడినుంచి వచ్చింది? అది ఆలోచించండి.

ఇప్పుడు మా కుర్రాడి మాటకి వస్తాను. ‘మొహం చూస్తేనే తెలిసిపోద్ది.’ ఈ మాట వాడు కనిపెట్టింది కాదు. తెల్లదొరల కాలంలో హెర్బర్ట్ రిజ్లీ అనే అధికారి ఉండేవాడు. 1901 జనాభా లెక్కలకి కమిషనర్. ముక్కు వెడల్పును నూరుతో హెచ్చించి పొడవుతో భాగించేవాడు. వచ్చిన అంకె చిన్నదైతే ముక్కు సన్నం, పెద్దదైతే ముక్కు వెడల్పు. ముక్కు సన్నమయ్యేకొద్దీ కులం పైకి, వెడల్పయ్యేకొద్దీ కులం కిందికి అని సిద్ధాంతం కట్టాడు. మన పై కులాల పండితులకి ఇది పాయసంలాగా నచ్చింది. శాస్త్రాల్లో రాసుకున్నదానికి ఇప్పుడు సైన్సు ముద్ర కూడా పడింది కదా!

దీన్ని పటాపంచలు చేసింది ఎవరు? మనం ఇవాళ పూలదండ వేసిన ఈయనే. 1948లో ‘ది అన్‌టచబుల్స్’ అనే పుస్తకంలో బాబాసాహెబ్ ఈ ముక్కు కొలతలనే తీసుకున్నాడు. వాళ్ళ లెక్కలతోనే వాళ్ళని అడిగాడు. ఒక్కో ప్రాంతంలో బ్రాహ్మణుల కొలతలు, అంటరాని కులాల కొలతలు పక్కపక్కన పెట్టి చూపించాడు. వీళ్ళు వేరే జాతి, వాళ్ళు వేరే జాతి అనడానికి ఆ లెక్కల్లో ఆధారం లేదన్నాడు. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే, వాళ్ళు ద్రావిడులైతే వీళ్ళూ ద్రావిడులే అని తేల్చాడు. అంటే ఏమిటి? కులం ముక్కులో లేదు. ఎముకలో లేదు. అది మనుషులు పెట్టిన కట్టుబాటు.

ఆ మాట నిజమో కాదో మన ఊళ్ళోనే చూడండి. కొత్తవాడు వస్తే ఎవరన్నా వాడి ముక్కు కొలుస్తారా? ‘ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఎవరి తాలూకా? మీరేమిట్లు?’ అని అడుగుతారు. పట్నంలో ఇల్లు అద్దెకిచ్చేవాడు మాంసం తింటారా అని అడుగుతాడు. కాలేజీలో ర్యాంకు అడుగుతారు. మొహం చూస్తేనే తెలిసేదైతే ఇన్ని ప్రశ్నలు ఎందుకు? తెలియదు కాబట్టే కదా అడుగుతున్నారు! మరి దవడ చెక్కించుకుని పోతే ఈ ప్రశ్నలు ఆగుతాయా?

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్ళు ఉన్నారు. జర్మనీలో బెర్లిన్ నగరంలో జాక్ జోసెఫ్ అనే డాక్టరు ఉండేవాడు. యూదుడు. 1898లో ముక్కు చిన్నది చేసే ఆపరేషన్ చేశాడు. నేటి ముక్కు ఆపరేషన్లకి ఆయన్ని ఒక మూలపురుషుడిగా చెప్తారు. ముక్కు చూసి ఎగతాళి చేస్తున్నారని ఎందరో యూదులు ఆయన దగ్గరికి వచ్చారు. వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ 1935లో హిట్లర్ ప్రభుత్వం చేసిన చట్టాలు ముక్కు చూడలేదు. తాత ఎవరు, అమ్మమ్మ ఎవరు అని చూశాయి. కాగితాలు చూశాయి. సన్న ముక్కు ఎవరినీ కాపాడలేదు. ద్వేషించేవాడికి మన ముఖం ఒక సాకు మాత్రమే. ముఖం మారిస్తే వాడు ఇంకో సాకు వెతుక్కుంటాడు.

ఇంకో మాట. ఈ విద్య ఎవరిది? పండగ సభల్లో సుశ్రుతుడు వేల ఏళ్ళ కిందటే ప్లాస్టిక్ సర్జరీ చేశాడని గొప్పలు చెప్తారు. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును చర్మంతో కట్టే పద్ధతి ఉన్న మాట నిజమే. కానీ ఐరోపాకి ఈ విద్య పాకడానికి కారణమైన కథ వేరు. అది వాళ్ళు చెప్పరు, నేను చెప్తాను.

ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లబండి తోలే కోవాస్‌జీ అనే మనిషి 1792 యుద్ధంలో టిప్పు సైన్యానికి చిక్కాడు. ముక్కూ ఒక చెయ్యీ నరికారు. ఏడాది పాటు ముక్కు లేకుండా తిరిగాడు. ఆ తర్వాత పూనా దగ్గర ఒకాయన అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఎవరాయన? ఇటుకలు చేసే కులం వాడు. కుమ్మరి పని వాళ్ళే వీళ్ళని తర్వాత రాసినవాళ్ళు చెప్పారు. మైనంతో ముక్కు అచ్చు తీశాడు. దాన్ని పలచగా చదును చేసి నుదుటి మీద పెట్టి గీత గీశాడు. ఆ మేరకు చర్మం లేపాడు. కనుబొమల మధ్య చిన్న ముక్క తెగకుండా ఉంచి, మెలిపెట్టి కిందికి దించి ముక్కు చోట అతికించాడు. బట్ట మీద కాచు పూసి పట్టీ వేశాడు. పాతిక రోజులకి అతుకు తెగ్గోశాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు కళ్ళారా చూశారు. 1794 అక్టోబరులో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివి, ఇరవై ఏళ్ళ తర్వాత 1814లో కార్‌ప్యూ అనే డాక్టరు లండన్‌లో అదే పద్ధతిలో చేశాడు. నుదుటి చర్మంతో ముక్కు కట్టడాన్ని నేటికీ పుస్తకాల్లో భారతీయ పద్ధతి అంటారు.

బండి తోలేవాడి పేరు మిగిలింది. చూసినవాళ్ళ పేర్లు మిగిలాయి. చేసినవాడి పేరు ఎవరూ రాయలేదు. వైద్యుడి ఇంటి అన్నం ముట్టకూడదని మనుస్మృతి చెప్పిన దేశం ఇది. రక్తం, చీము ముట్టుకునే పని కింది వాళ్ళకి వదిలేసి, పేరు మాత్రం సంస్కృతం పుస్తకానికి ఇచ్చుకున్నారు. మట్టి పిసికే చేతులు ముక్కు కూడా పోశాయి. ఈ విద్య మనలాంటి వాళ్ళ చేతుల్లోంచే లోకానికి పోయింది కాబట్టి దీన్ని చూసి భయపడాల్సిన పని లేదు, దండం పెట్టాల్సిన పనీ లేదు. మనకి ఎక్కడ పనికొస్తుందో అక్కడ హక్కుగా అడగాలి.

ఎక్కడ పనికొస్తుంది? నాలుగు చెప్తాను. తల్లులు గుర్తు పెట్టుకోండి.

ఒకటి, గ్రహణం మొర్రి. గ్రహణం నాడు కడుపుతో ఉన్న తల్లి కత్తిపీట పట్టుకుంటే పిల్లకి పెదవి చీలుతుందంటారు. అబద్ధం. కడుపులో మొదటి రెండు మూడు నెలల్లో ముఖం భాగాలు కలవాల్సిన చోట కలవకపోతే అలా అవుతుంది. తల్లి తప్పు కాదు. పెదవికి 3 నుంచి 6 నెలల వయసులో, అంగిలికి ఏడాది, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే మాట ముక్కులోంచి వస్తుంది. అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి పిల్లల్ని చూసే కేంద్ర పథకం 2013లో మొదలైంది. అందులో ఈ మొర్రి కూడా ఉంది. ఆ డాక్టర్ల వ్యాను వచ్చిన రోజు పిల్లని కూలికి తీసుకుపోకండి, ఇంట్లో దాచకండి.

రెండు, దవడ కీలు. పిల్లలు గడ్డం మీద పడితే కుట్లతో ఊరుకోవద్దు. మీ మూడు వేళ్ళు నిలువుగా మీ నోట్లో పెట్టి చూసుకోండి, పడతాయి. పిల్ల వేళ్ళు పిల్ల నోట్లో పట్టకపోతే, రోజురోజుకీ తగ్గిపోతుంటే, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. దంత వైద్య కళాశాల అంటే పళ్ళు పీకే చోటనుకుంటాం. దవడ, ముఖం ఎముకల ఆపరేషన్లకి అక్కడ వేరే విభాగమే ఉంటుంది. హైదరాబాద్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ కళాశాలలు ఉన్నాయి.

మూడు, దవడ క్యాన్సర్. ఉత్తరాంధ్ర పల్లెల్లో మన పెద్దమ్మలు నిప్పు లోపలికి పెట్టి అడ్డచుట్ట కాలుస్తారు. అది అంగిలిని కాల్చి క్యాన్సర్ తెస్తుందని విశాఖపట్నం డాక్టర్లు ఎప్పుడో రాశారు. గుట్కా, ఖైనీ నమిలే కుర్రాళ్ళకి చెంపకి, దవడకి వస్తుంది. దవడ తీసేయాల్సి వస్తే కాలి ఎముక తెచ్చి దవడ కట్టే ఆపరేషన్ ఉంది. ముఖం దిద్దడం అంటే అదీ! అందం కోసం కాదు, మళ్ళీ ముద్ద నమలడం కోసం. కానీ అంతదాకా తెచ్చుకోవద్దు. నోట్లో తెల్ల మచ్చ, మానని పుండు ఉంటే రెండు వారాలకి మించి ఆగవద్దు.

నాలుగు, దాడి. కింది కులం వాడు పై వాడిని పేరు పెట్టి తిడితే నోట్లో కాల్చిన ఇనుప మేకు దింపమని మనుస్మృతి చెప్పింది. ముఖం మీద కొట్టడం కులానికి పాత అలవాటు. 2017లో గుజరాత్‌లో మీసం పెంచాడని దళిత యువకుణ్ణి కొట్టారు. 2012లో బీహార్‌లో నిద్రపోతున్న ఇద్దరు దళిత అక్కాచెల్లెళ్ళ మీద యాసిడ్ పోశారు. 2015లో సుప్రీంకోర్టు ఒకరికి 10 లక్షలు, ఒకరికి 3 లక్షలు ఇమ్మంది. కార్యకర్తలు ఇది రాసుకోండి. అత్యాచారాల నిరోధక చట్టం నిబంధనల్ని 2016 ఏప్రిల్ 14న సవరించారు. వాటి ప్రకారం యాసిడ్ దాడిలో ముఖం 2 శాతానికి మించి కాలినా, కన్ను, చెవి, ముక్కు, నోరు పనిచేయకుండా పోయినా బాధితురాలికి 8 లక్షల 25 వేల రూపాయలు ఇవ్వాలి. చికిత్స బాధ్యత మొత్తం రాష్ట్ర ప్రభుత్వానిదే. యాసిడ్ బాధితురాలు వస్తే ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఆ మాట చెప్తోంది. చేయకపోతే న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద శిక్ష ఉంది. గుమ్మం దగ్గర ‘ముందు డబ్బు కట్టు’ అంటే ఈ అంకెలు చెప్పండి.

మా ఆరో తరగతి పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. సంఘం వాళ్ళు బస్సు చార్జీలు వేసుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయింది. అతుక్కుపోయిన ఎముక తీసి, మధ్యలో కణత దగ్గరి కండ పెట్టారు. కానీ డాక్టరు ఒక మాట చెప్పారు. ‘మా పని ఒక పూట, మీ పని ఏడాది’ అన్నారు. రోజూ పళ్ళ మధ్య ఐస్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి నోరు తెరిపించాలి. నొప్పి అని మానేస్తే మళ్ళీ అతుక్కుంటుంది. పొద్దున వాళ్ళమ్మ పొలానికి పోయే ముందు చేయిస్తుంది. మధ్యాహ్నం బడిలో నేను చేయిస్తాను. పిట్టమూతి అన్న పిల్లలే ఇప్పుడు పుల్లలు లెక్కపెడుతున్నారు. మొన్న పద్దెనిమిది పట్టాయి. గడ్డం ఇంకా చిన్నగానే ఉంది. ఎదిగాక దానికీ ఆపరేషన్ ఉంది, చేయిద్దాం. మొన్న మధ్యాహ్న భోజనంలో గుడ్డు కొరికి తింది. పన్నెండేళ్ళ పిల్ల గుడ్డు కొరకడం చూసి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మరి ఆ కుర్రాడు? వాడిని నేను తిట్టలేదు. వాడి దవడ వాడిది. చట్టప్రకారం మేజరు. తన ముఖం తనకు నచ్చేలా మార్చుకునే హక్కు సినిమా వాళ్ళకే కాదు, మనవాళ్ళకీ ఉంది. నేను మూడే అడిగాను. ‘చేసే డాక్టరు ఏం చదివాడో, మొదటినుంచి చివరిదాకా తనే చేస్తాడో లేదో అడిగావా? మత్తు ఇచ్చే డాక్టరు ఎవరో, ఏదన్నా అయితే రక్తం, ఐసీయూ ఉన్నాయో లేదో చూశావా? నీకు నచ్చక మారుస్తున్నావా, వాళ్ళకి నచ్చాలని మారుస్తున్నావా?’ మొదటి రెంటికీ కనుక్కుని చెప్తానన్నాడు. మూడోదానికి తల దించుకున్నాడు. గేదె ఇంకా కొట్టంలోనే ఉంది. వాడు ప్రతి ఆదివారం మన సంఘం రాత్రి బడికి వచ్చి పిల్లలకి లెక్కలు చెప్తున్నాడు. ఏం చేస్తాడో వాడిష్టం. కానీ వాడిని ఇంటర్వ్యూలో మొహం చూసి పంపించే గదులున్నాయే, వాటి సంగతి వాడొక్కడిదీ కాదు. అది మన అందరి పని. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ అడగడం ఆ పనిలో భాగం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! అద్దంలో మీకు కనబడేది తరతరాలుగా ఎండలో నాట్లేసి, చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, ఈ ఊరికి అన్నం పెట్టిన వాళ్ళ ముఖం. అది జబ్బు పడితే వైద్యం చేయిద్దాం. విరిగితే కట్టిద్దాం. దాన్ని కొలిచే బద్ద మాత్రం ఇంకొకడి చేతికి ఇవ్వొద్దు.

జై భీమ్.